ఎగురుతూ రాసుకునే పెట్టె

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చక్కెర మిల్లుకు చెరకు తక్కువొచ్చినా నష్టమే, ఒక్కసారే వచ్చి పడినా నష్టమే. కోసిన గడ యార్డులో ఎండుతుంటే అందులోని చక్కెర తరిగిపోతుంది. అందుకే ఏ ఊళ్లో ఎన్నెకరాలు, కోత ఎప్పుడని ముందే అంచనా కట్టి రైతులకు పర్మిట్లు ఇస్తారు. కొత్త విమానాన్ని పరీక్షించే ఇంజినీర్లకూ ఈ అంచనా తప్పదు. వాళ్ల పంట అంకెలు.

మొదట్లో అది చిన్న పంటే. 1939లో ఫ్రాన్స్‌లో హుసెనో, బోదువాన్ అనే ఇంజినీర్లు విమానం కొలతలు రాసుకోవడానికి చేసిన పెట్టెలో 8 మీటర్ల ఫొటో ఫిల్ము ఉండేది. వేగమో ఎత్తో మారితే లోపలి చిన్న అద్దం కాస్త ఒరిగేది. దాని మీద పడిన సన్నటి వెలుగు పక్కకు జరిగి ఫిల్ము మీద గీత గీసేది. తర్వాత అయస్కాంత టేపు వచ్చింది, ఆ తర్వాత చిప్పులు.

పెట్టె ఎంతది కావాలో తేల్చడానికి సెన్సర్లను లెక్కపెడితే చాలదు. నూనె వేడిని సెకనుకు ఒకసారి, రెండు బైట్లలో రాసుకుంటే 3 గంటల ప్రయాణానికి 21,600 బైట్లు. ఇంజిన్ అదురును సెకనుకు 10,000 సార్లు పట్టాలంటే, ఆ ఒక్క సెన్సరే 21.6 కోట్ల బైట్లు పోస్తుంది. ఒక ప్రయాణంలో వింత అదురు కనిపించిందా, తర్వాతి దానికి మరిన్ని కొలతలు అడుగుతారు. రేపు రాబోయే ప్రశ్నను ఇవాళే ఊహించడం, ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది అదే.

ఇంత పంటా రేడియోలో పట్టదు. ప్రాణాపాయానికి సంబంధించినవి నేలకు పంపి, మిగతావి పెట్టెలో దాస్తారు. అయినా దారి ఇరుకై, 2007లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం విమాన పరీక్షల కోసం అదనపు తరంగాలు కేటాయించింది.

విమానమైతే పెట్టెతో తిరిగొస్తుంది. రాకెట్ రాదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వి-3, రెండో దశ అదుపు తప్పి, 317 సెకన్లకే ప్రయాణం ముగించి, తీరానికి 560 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో పడింది. ఒడ్డున మిగిలినవి అది పంపిన అంకెలే. వాటిని వడపోసి చూస్తే, లేవడానికి 8 నిమిషాల ముందే ఒక వాల్వు ఇరుక్కుని, రెండో దశ అదుపుకు కావలసిన నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని తేలింది. మరుసటి ఏడాది జూలై 18న అదే శ్రీహరికోట నుంచి మరో ఎస్‌ఎల్‌వి-3 లేచి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.