వికలాంగుల పింఛను, ఇంటి లెక్క

ఒక ఇల్లు అనుకోండి. ఇంట్లో తల్లి, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, పిల్లలు. పెళ్ళికాని కూతురు కూడా ఉంది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఆమె కాలు చచ్చుబడింది. నెలనెలా పింఛను వస్తుంది. పింఛను వచ్చాకే ఇంట్లో ఆమె మాటకు కాస్త విలువ వచ్చింది.

ఒక నెల పింఛను రాలేదు.

"నా కాలు బాగయిందా వదినా, పింఛను ఆపడానికి?" అంది ఆమె.

కాలు బాగవలేదు. ఇంటి లెక్క మారింది.

ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. అంతకుముందు 3,000 ఉండేది. సదరం సర్టిఫికెట్టులో కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఇది మనిషిని చూసి పెట్టిన షరతు. మిగతావి కుటుంబాన్ని చూసి పెట్టినవి. 2019 డిసెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం కుటుంబం ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 రూపాయలు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. సొంత కారు ఉండకూడదు. ఆటో, ట్రాక్టరు ఉన్నా ఫరవాలేదు. కరెంటు నెలకు 300 యూనిట్ల లోపే కాలాలి.

ఈ ఇంట్లో చిక్కు కరెంటుతోనే వచ్చింది. కొడుకులు వేరుపడ్డారు. పొయ్యిలు వేరయ్యాయి. మీటరు మాత్రం ఒక్కటే, అదీ తల్లి పేరున. అందరూ కాల్చిన కరెంటు తల్లీకూతుళ్ళ లెక్కలో పడింది. పాపం, కూతురు వాడేది ఒక బల్బు, ఒక ఫ్యాను!

ఇలాంటప్పుడు ఏడుస్తూ కూర్చుంటే లాభం లేదు. సచివాలయానికి వెళ్ళాలి. పింఛను ఏ కారణంతో ఆగిందో అడగాలి. "పైనుంచి ఆపారు" అంటే సరిపోదు. ఆదాయమా, కరెంటా, ఉద్యోగమా? అది తెలిస్తేనే ఏ కాగితం చూపాలో తెలుస్తుంది. కరెంటు బిల్లు తీసుకెళ్ళి అర్జీ ఇవ్వాలి. రసీదు అడిగి తీసుకోవాలి. వేరు కాపురాలకు వేరు మీటర్లు పెట్టించుకోవడం మేలు.

అర్జీ ఇచ్చాక ఆమె పింఛను మళ్ళీ వచ్చిందనుకోండి. ఇప్పుడు అక్క రమ్మంటోంది. అక్క ఊరు వేరే జిల్లా. ఊరు మారితే పింఛను దానంతటది వెంట రాదు. బదిలీకి అర్జీ పెట్టాలి. రాష్ట్రం లోపలే బదిలీ అవుతుంది. హైదరాబాదుకు కాదు.

కొద్దిరోజులకే వెళితే బదిలీ అక్కర్లేదు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా, మూడో నెల ఊళ్ళో ఉంటే 18,000 రూపాయలు కలిపి ఇస్తారు. 2024 డిసెంబరు నుంచి ఈ పద్ధతి వచ్చింది. మూడు నెలలూ తీసుకోకపోతే పింఛను ఆగిపోతుంది. మళ్ళీ అర్జీ పెట్టాలి.

"నేనక్కడే ఉండిపోతానేమో వదినా" అంది ఆమె.

"అయితే బస్సెక్కే ముందు సచివాలయానికి పోదాం పద" అంది వదిన. ఆధార్ కార్డు, పింఛను నంబరు, అక్క ఊరి సచివాలయం పేరు రాసిన కాగితం సంచిలో పెట్టుకున్నారు.