వింటేజ్ కార్లు: 50 ఏళ్లు దాటితేనే ఆ హోదా.. మరి 45 ఏళ్ల ఫియట్ సంగతేంటి?

తాతగారి ఫియట్ ఇంకా షెడ్డులోనే ఉందా? 1980 ప్రాంతంలో కొన్నదా? అయితే ఒక్క విషయం.. ఇంట్లో అది ఎంత అపురూపమైనా రూల్స్ ప్రకారం ‘వింటేజ్’ కాదు. మామూలు పాత బండే!

పాత కార్లంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేవి అంబాసిడర్, ఫియట్. అంబాసిడర్‌ను బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 2014 మే వరకు తయారుచేసింది. ఇక ఫియట్ అంటే ముంబైలో ప్రీమియర్ కంపెనీ చేసిన కారు. 1970ల్లో దాని పేరు ‘ప్రీమియర్ పద్మిని’గా మారింది. పేరు మారినా ఊళ్లలో మాత్రం చివరిదాకా ఫియటే.

దానిమీద అంత ప్రేమెందుకు? ఇంజిన్ 1089 సీసీనే. గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండటంతో ముందు సీటు బెంచీలా ఉండేది. డ్రైవర్ పక్కన ఇద్దరు సర్దుకునేవాళ్లు. చలికాలం పొద్దున్నే చోక్ లాగితే గానీ కదిలేది కాదు. మొరాయిస్తే ఇంటిల్లిపాదీ తోయాల్సిందే. సెన్సార్లు లేవు, కంప్యూటర్ లేదు. బానెట్ ఎత్తితే కార్బ్యురేటర్, ప్లగ్గులు, పాయింట్లు అన్నీ ఎదురుగా కనిపిస్తాయి. పని తెలిసిన మెకానిక్ దొరికితే చాలు. అందుకే కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి.

మరి వింటేజ్ అంటే ఏంటి? 2021 జులైలో కేంద్రం దీనికి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే నంబర్‌లో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఫీజు రూ.20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత రెన్యువల్‌కు రూ.5 వేలు. ఇప్పటికే నంబర్ ఉన్న బండికి అదే పాత నంబర్ ఉంచుకోవచ్చు. కార్ల ప్రేమికులకు అదే పెద్ద సంతోషం!

అయితే మెలిక ఉంది. వింటేజ్ బండిని రోజూ తిప్పడానికి లేదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోల్, రిపేర్.. వీటికే రోడ్డెక్కాలి. పెళ్లి ఊరేగింపులకు అద్దెకిద్దామనుకుంటే కుదరదు.

అసలు చిక్కు 50 నిండని బండ్లది. 15 ఏళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ టెస్ట్, రెన్యువల్ తప్పవు. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు రూ.600 నుంచి రూ.5 వేలకు పెరిగింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు రూ.10 వేలు చేశారు. అంటే 45 ఏళ్ల ఫియట్‌కు ఐదేళ్లకే రూ.10 వేలు. వింటేజ్ రెన్యువల్‌కు రూ.5 వేలే! చివరి పద్మినిలు 2000 ప్రాంతంలో బయటికొచ్చాయి. అవి వింటేజ్ కావాలంటే 2050 దాకా ఆగాలి. అప్పటిదాకా ఈ ఖర్చు భరించేవాళ్లు ఎందరు? చాలా బండ్లు ఈలోపే తుక్కుకు వెళ్లిపోయే ప్రమాదముంది. ముంబైలో పద్మిని ట్యాక్సీలకు 20 ఏళ్ల పరిమితి ఉండేది. 2023 అక్టోబర్‌తో చివరిది కూడా రోడ్డు దిగిపోయింది.

షెడ్డులో పాత కారున్నవాళ్లు ముందు ఆర్సీ బయటికి తీయాలి. 50 ఏళ్ల లెక్క మోడల్ ఏడాది నుంచి కాదు, అందులో ఉన్న మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచే.