పెద్ద యంత్రములో మన వంతు



కరీంనగరములో గాని నిర్మలులో గాని మీసేవ కేంద్రమునకు పోయి, దరఖాస్తు ఇచ్చి, తెరమీద గుండ్రని గుర్తు తిరుగుచుండగా కూర్చుండనివారు మనలో అరుదు. అట్టి ఆలస్యమునకు కారణములు పెక్కు గలవు. తీగె తెగవచ్చును, కరెంటు పోవచ్చును. కంటికి కానరాని కారణమొకటి యుండవచ్చును. దానినే నేడు విచారింతము.

దూరమున నుండి మన పత్రమును వెదకి పంపెడి యంత్రమునకు సర్వరని పేరు. అందు లెక్కలు చేయునవి ప్రాసెసర్లు. పూర్వము ఒక్కొక్క పనికి ఒక్కొక్క సర్వరును కొనెడివారు. ఇప్పుడు పెద్ద యంత్రమును పాళ్లువేసి కౌలున కిచ్చుచున్నారు. హైదరాబాదు పరిసరములందు అమెజాను కంపెనీవారి అట్టి కేంద్రములు 2022 నవంబరు నుండి పనిచేయుచున్నవి.

పాళ్లు వేయుట రెండు విధములు. ఒకటి గోడ కట్టి యిచ్చుట. దానిని వర్చువల్ సర్వరందురు. కౌలుదారునకు తన భాగము మాత్రమే కనబడును. రెండవది కంటెయినరు. ఇందు గోడ లేదు, కాలపరిమితి మాత్రమే కలదు. చిక్కు ఇక్కడనే. పెద్ద యంత్రమున ప్రాసెసర్లు 64 ఉండి, మన పాలు రెండే యైనను, ప్రోగ్రాము కన్ను తెరచి చూచి 64 అని లెక్కించి, అంతమంది పనివాండ్రను నిలుపును.

చెరువు నిండుగా నున్నదని, తన వంతు స్వల్పమని మరచి, ఒక రైతు 64 పిల్లకాలువలు తీసెననుకొనుడు. క్షణములో వంతు తీరును, నీరటికాడు తూము మూయును, మడి ఎండును. సర్వరులోను అంతే. సెకనులో పదవవంతు ఒక విడత. రెండు ప్రాసెసర్ల పాలును 64 మంది ఒక్కమారు వాడినచో, విడతలోని నూరు పాళ్లలో మూడింటనే అది తీరిపోవును. తక్కిన తొంబదియేడు పాళ్లు అందరును చేతులు కట్టుకొని నిలువవలసినదే. ఖాతాదారుడు మాత్రము యంత్రము చాలలేదని తలచి, ఎక్కువ కౌలు చెల్లించును!

జావా అను భాష 2018లో వచ్చిన పదవ కూర్పునుండి ఈ పరిమితిని గుర్తించుచున్నది. గో అను భాష 2025లో గాని నేర్వలేదు. ఎంజినెక్సునందు పనివాండ్ర సంఖ్యకు ‘ఆటో’ అని వ్రాసి విడిచినచో పెద్ద యంత్రపు లెక్కయే పడవచ్చును. ‘2’ అని స్వయముగా వ్రాయుట మేలు. అయితే పాలు ఎనిమిదికి పెంచినపుడు ఆ అంకెను దిద్ద మరచినచో, తక్కిన ఆరును ఊరకయే యుండును, కౌలు మాత్రము ఎనిమిదింటికిని కట్టవలెను.