బాణానికి తోకే ప్రాణం!

వీరుడు అల్లెతాడు చెవిదాకా లాగగానే హాల్లో ఈలలు మొదలు. ‘లవకుశ’ (1963)లో ఆ ఇద్దరు బుడతలు రాముడి సైన్యాన్ని అడ్డుకున్నా, ‘అల్లూరి సీతారామరాజు’ (1974)లో కృష్ణ విల్లెత్తినా, ‘బాహుబలి-2’ (2017)లో దేవసేన మూడేసి బాణాలు ఒక్క ఊపున వదిలినా చప్పట్లన్నీ హీరోకీ, బాణం మొనకే! వెనకాల బుల్లి తోకలా ఉండే ఆ ఈకల్ని పట్టించుకున్న వాళ్లెవరు?

ఆ తోకకు మన భాషలో చక్కని పేరుంది - పింజ. పింజ లేని బాణం వదిలి చూస్తే తెలుస్తుంది దాని విలువ. నాలుగు గజాలు పోగానే తల ఒక వైపు, తోక ఒక వైపు తిరిగి అడ్డంగా పడుతుంది. ఈకలుంటే సంగతి వేరు. తోక పక్కకి జరగబోతే గాలి ఈకల మీద నెట్టి, మళ్లీ మొన వెనక్కే తెస్తుంది. ఈకల్ని కాస్త ఏటవాలుగా అతికిస్తే బాణం బొంగరంలా తిరుగుతూ మరింత నిలకడగా పోతుంది.

నయాపూల్ దాటితే...

పేరుకి ‘కొత్త వంతెన’ గానీ నయాపూల్ హైదరాబాదు పాతబస్తీకి వాకిలి. మూసీ దాటి ఎడమకు తిరిగితే సాలార్‌జంగ్ మ్యూజియం. 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో ఇప్పటి భవనానికి మారింది. సినిమాల్లో అట్టకత్తులు చూసి మురిసేవారు అక్కడి ఆయుధాల గది ఒక్కసారి చూడాలి. నిజమైన ఆయుధంలో ఎంత పనితనం ఉంటుందో అర్థమవుతుంది.

తిన్నగా మదీనా, పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ చేరి, లాడ్‌బజార్ చివరికి వెళితే ముర్గీచౌక్. కోళ్లకీ, పెంపుడు పక్షులకీ పేరుపడ్డ చోటు. మన కథకు కావలసిన సరుకు పక్షుల దగ్గరే కదా!

ఏ ఈక పనికొస్తుంది?

ఒంటిమీది మెత్తటి ఈకలు దిండులోకి బాగుంటాయి, బాణానికి కావు. రెక్క చివర ఉండే పొడుగాటి, గట్టి ఈకలే కావాలి. టర్కీకోడి రెక్క ఈకలు అన్నిటికన్నా మేలు. పెద్దబాతువి కూడా బాగుంటాయి. 1417లో ఇంగ్లండు రాజు అయిదో హెన్రీ తన విలుకాండ్ర కోసం ఒక్కో బాతు నుంచి ఆరేసి ఈకలు వసూలు చేయమని ఆజ్ఞ ఇచ్చాడు. యుద్ధమంటే మాటలా మరి!

అసలు కిటుకు ఇక్కడుంది. ఎడమ రెక్క ఈక ఒక వైపు వంగితే, కుడి రెక్క ఈక ఇంకో వైపు వంగుతుంది. ఒక బాణానికి మూడూ ఒకే రెక్కవి కావాలి. కలిపారా, ఒకటి ఇటు తిప్పితే ఇంకొకటి అటు తిప్పుతుంది. బాణం ఎటూ పోదు!

తయారీ ఇలా

ముందు ఈకల్ని గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి నీడన ఆరబెట్టాలి. వంకరపోయిన వాటిని ఆవిరికి పట్టి, వేళ్లతో దువ్వితే సాపు అవుతాయి. తరవాత ఈనెను పదునైన బ్లేడుతో నిలువునా రెండుగా చీల్చాలి. వెడల్పు వైపు ఉంచుకుని, ఈనె అడుగు భాగాన్ని శాండ్‌పేపరు మీద పల్చగా, సమంగా రుద్దాలి. ఈ పనిలో తొందరపడితే ఈక బాణానికి అతుక్కోదు.

నాలుగైదు అంగుళాల ముక్కలు కోసి, బాణం చుట్టూ సమాన దూరంలో మూడు అతికించాలి. ఒక ఈక వేరే రంగుదైతే మంచిది. అల్లెతాడు కూర్చునే గాడికి అది అడ్డంగా, వింటికి అవతలి వైపు ఉండాలి. అప్పుడు మిగతా రెండూ వింటికి పెద్దగా రాసుకోవు. రాసుకున్నా ఈక మెత్తగా వంగి దారి ఇస్తుంది. ప్లాస్టిక్ రెక్క అలా వంగదు. ఈకల ముందు చివర దారంతో బిగించి చుట్టడం మరిచిపోకండి. ఆ ఈనె మొన లేచి ఉంటే చెయ్యి చీరేస్తుంది. చివరికి కత్తెరతో ముగ్గురికీ ఒకే క్షవరం!

వాన పడితే ఈకలు వాలిపోతాయి. దాచేటప్పుడు పురుగు పట్టకుండా చూసుకోవాలి.

ఆగండి, రెండు మాటలు!

మహాభారతంలో బాణాన్ని గార్ధ్రపత్రమనీ అన్నారు, అంటే రాబందు ఈక కట్టినదని. అది ఆ కాలం. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వల్ల మన రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం గద్దలు, గుడ్లగూబలు, రాబందుల జోలికి పోకూడదు. ఈకల కోసం నెమలిని చంపితే జైలే. కోళ్లు పెంచేవారి దగ్గర రాలిన ఈకలుండగా ఆ పాపమెందుకు?

రెండోది ఇంకా ముఖ్యం. 1987లో దూరదర్శన్‌లో ‘రామాయణ్’, ఆ వెనకే ‘మహాభారత్’ వచ్చినప్పుడు ఇంటింటా వెదురు విల్లంబులు వెలిశాయి. బాణం తగిలి కళ్లు పోగొట్టుకున్న పిల్లల గురించి మన కంటి డాక్టర్లు వైద్యపత్రికల్లో రాశారు. పుల్లబాణమే కదా అనుకోవద్దు. మంచి పింజ కట్టిన బాణం తిన్నగా పోతుంది, అందుకే దానితో ప్రమాదమూ ఎక్కువే. తమ్ముడి తల మీద పండు పెట్టి గురి చూసే వేషాలు తెరకే వదిలేయండి.

నిజంగా సరదా ఉందా? గురువు దగ్గర, గురిపలక ముందు నేర్చుకోండి. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. ఆమెకు డూపు లేదు, కెమెరా ట్రిక్కూ లేదు!