‘ఫైన్’ అంటే బాగుండడమా, జరిమానానా?

ఎలా ఉన్నారని అడిగితే ‘ఫైన్’ అంటాం. హెల్మెట్ లేకుండా బండి నడిపితే పోలీసులు వేసేదీ ‘ఫైనే’. రెంటికీ ఒకే మాట ఎందుకుందని ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలు అడుగుతారు. బట్టీ పట్టమని పంపేస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే, ఎందుకంటే దీనికి చక్కని జవాబుంది.

లాటిన్‌లో ‘ఫీనిస్’ అంటే ముగింపు. ఆ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి రెండు దారుల్లో వచ్చింది. తగవు తెగాలంటే కట్టాల్సిన సొమ్ముకు ఆ పేరు పెట్టారు, పోనుపోను అది జరిమానా అయింది. ఇక చెయ్యాల్సిందేమీ మిగలకుండా తీర్చిదిద్దిన వస్తువునూ అదే మాటతో మెచ్చుకున్నారు, దాని నుంచి ‘మేలైనది’, ‘బాగుంది’ వచ్చాయి.

నాకు ఇంతకన్నా ఇష్టమైనది ‘ప్యూపిల్’. విద్యార్థి అనీ అర్థమే, కంటి నడిమి నల్లని గుండ్రం అనీ అర్థమే. ఎదుటివారి కంట్లోకి దగ్గరగా చూస్తే మన రూపమే చిట్టి బొమ్మలా కనిపిస్తుంది. అందుకే రోమన్లు దాన్ని ‘ప్యుపిల్లా’, అంటే చిన్నారి బొమ్మ అన్నారు. మనం కనుపాప అంటున్నామంటే మనకూ అక్కడ పాపే కనిపించిందన్నమాట. పెద్దల సంరక్షణలో పెరిగే పిల్లలనూ లాటిన్‌లో అదే కుటుంబానికి చెందిన మాటతో పిలిచేవారు. విద్యార్థి అన్న అర్థం అటునుంచి వచ్చింది.

అన్ని మాటల కథా ఇలా ఒకే వేరు నుంచి మొదలవదు. క్రికెట్ ‘బ్యాట్’ పాత ఇంగ్లిష్‌లో దుడ్డుకర్రకున్న పేరు. గబ్బిలాన్ని ఒకప్పుడు ‘బాక్’ అనేవారు, ఆ పేరు స్కాండినేవియా వైపు నుంచి వచ్చింది. నోళ్లలో నలిగి అదీ ‘బ్యాట్’ అయింది. కుక్క అరుపుకూ చెట్టు బెరడుకూ ‘బార్క్’ అనే పేరుండడమూ ఇలాంటిదే. పుట్టుకలో వీటికి చుట్టరికం లేదు, ఉచ్చారణ మారుతూ మారుతూ ఒక్కచోట కలిశాయి.

ఇంగ్లిష్‌కున్న ఇంకో గుణం కూడా అర్థాలను పెంచింది. మధ్యయుగాల్లో ఆ భాష మాటల చివరి ప్రత్యయాలను చాలావరకు పోగొట్టుకుంది. దాంతో నామవాచకమే వేషం మార్చకుండా క్రియ అయిపోతుంది. పుస్తకంలో పేరు రాయించుకోవడం ‘బుక్’ అయింది, సీటు ఖాయం చేసుకోవడమూ అదే అయింది. మనం మాత్రం ‘టికెట్ బుక్ చేశాను’ అంటాం. ఆ ‘చేశాను’ లేకపోతే తెలుగులో వాక్యం నిలబడదు.

ఎక్కువ వాడే మాటకే ఎక్కువ అర్థాలుంటాయని అమెరికన్ పండితుడు జార్జ్ జిఫ్ 1945లో గమనించాడు. ‘రన్’ అన్న చిన్న క్రియకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులు 645 అర్థాలు లెక్కగట్టారు. మనిషి పరుగెత్తినా, దుకాణం నడిచినా, కుళాయి కారినా, ముక్కు కారినా ఆ ఒక్క మాటే.

మరి వినేవాళ్లు తికమకపడరా? పడరు, పక్క మాటలే దారి చూపిస్తాయి. పాలు విరిగాయంటే వాటా గురించి అనుకోం. ఆస్తిలో నా పాలెంత అంటే గిన్నె వెతకం. బడిలో నానార్థాలు రాసిన మనకు ఇది కొత్త కాదు. పింగళి సూరన 16వ శతాబ్దంలో ఒకే పద్యంలో రామకథా భారతకథా రెండూ పలికేలా రాఘవపాండవీయమే రాశాడు.

ఏ మాట ఏ తీరుదో తేల్చుకోవాలంటే మంచి నిఘంటువు తియ్యాలి. ‘బ్యాట్’ లాంటివాటికి విడివిడి ఎంట్రీలుంటాయి, మాట భుజాన చిన్న 1, 2 అంకెలు కనిపిస్తాయి. అయితే ఒకే మూలం నుంచి వేరు దారుల్లో వచ్చిన మాటలకూ ఆ అంకెలే ఇస్తారు కాబట్టి, వ్యుత్పత్తి కూడా చదవాలి. ‘బ్యాంక్’ తీసి చూడండి. ఏటి ఒడ్డు పేరు స్కాండినేవియా మాట. డబ్బుల బ్యాంక్ ఇటలీలో సొమ్ము మార్చేవాళ్లు కూర్చున్న బల్ల. సంబంధం లేనట్టే ఉంటాయి. ఇంకా వెనక్కి వెళితే రెండూ ఒకే పాత జర్మనిక్ మాటకు చేరతాయి.