నీటిపంపునందలి ఇరుసు సీలు

విద్యుత్పంపునందు మోటారును పంపును గలుపు ఇరుసు తిరుగుచుండఁగా, దానివెంట నీరు వెలికి రాకుండ నాపునది సీలు. అందు సాధారణముగా బొగ్గుతో నొకటి, పింగాణితో నొకటి చేసిన రెండు నునుపైన వలయములుండును. ఒకటి కదలక యుండును. రెండవది ఇరుసుతోఁ దిరుగుచు, స్ప్రింగు బలమున దాని నొత్తుకొని యుండును. నడుమ నుండు పలుచని నీటిపొరయే వానికి కందెన. కావున నీరులేక పంపును నడపినచో నవి కాఁగి చెడును.

ఇరుసువద్ద నీరు కాఱుట స్వల్పమని యుపేక్షింపరాదు. ఆ నీరు బేరింగులను త్రుప్పు పట్టించును. మోటారులోఁ జొచ్చినచో ప్రాణాపాయమును గలుగవచ్చును.

మార్చువారు ముందుగా విద్యుత్తును పూర్తిగాఁ దొలఁగింపవలెను. పంపును విప్పి, నీటిని జిమ్ము చక్రమును దీసి, రెండు వలయములను గలిపియే మార్చవలెను. అరిగినదానితోఁ గ్రొత్తది పొసఁగదు. నునుపుముఖములను జమురు వ్రేళ్లతో నంటరాదు. పిమ్మట పంపును నీటితో నింపియే నడపవలెను.