పాము – దాని ఆహారము – మన ఆరోగ్యము

శబరీ తీరమందలి కోంటా మొదలు ఇంద్రావతికి సమీపమున నున్న భోపాలపట్నము వరకు దక్షిణ బస్తరులో తెలుగు వినవచ్చుచుండును. ఈ సీమలో సర్పారాధన మిక్కిలి ప్రాచీనము. పూర్వము బారసూరు కేంద్రముగా నేలిన ఛిందక రాజులు తాము నాగవంశజులమని చెప్పుకొనిరి. నేటికిని శ్రావణమున నాగపంచమికి, కార్తికమున నాగులచవితికి జనులు సర్పమునకు మ్రొక్కుదురు. ఆ దినములలో పాములవాడు బుట్టతో వాకిట నిలిచిన, ఇల్లాలు గిన్నెతో పాలు తెచ్చిపెట్టును. అడవిలో దొరికిన కొండచిలువ పిల్లను ముచ్చటపడి పెంచువారును లేకపోలేదు. భక్తియు, ముచ్చటయు దోషములు కావు. కాని వానివలన పామునకు మేలు కలుగుచున్నదా యని విచారింపవలయును.

పాము పాలు త్రాగునా?

పాము మాంసాహారి. ఎలుకలు, కప్పలు, బల్లులు, పక్షులు, గ్రుడ్లు దాని ఆహారము. దాని పానీయము నీరు మాత్రమే. పాలను జీర్ణించుకొను శక్తి దానికి లేదు. బుట్టలో దినముల తరబడి నీరు లేక అలమటించిన పాము దాహమునకు తాళలేక పాలలో మూతి పెట్టును. ఆ పాలు శ్వాసనాళమున ప్రవేశించిన ఊపిరితిత్తులు చెడును. కోరలు ఊడబెరికిన పామునకు నోరు పుండై, ఆహారము పట్టుకొనలేక, తుదకు ప్రాణము పోవును. మనము భక్తితో పోసిన పాలే దాని మృత్యువునకు కారణము కావచ్చును.

బంధనమున కలుగు వ్యాధులు

పాము తన దేహమునకు కావలసిన వేడిమిని పరిసరములనుండి గ్రహించును. చలిలో నుంచిన, మ్రింగిన ఆహారము అరుగక కడుపులోనే క్రుళ్లును. పాము దానిని కక్కివేయును. తిన్న వెంటనే చేతబట్టి ఆడించినను అట్లే జరుగును. తేమ యధికమైన చర్మముపై పుండ్లు పుట్టును; తేమ చాలనిచో కుబుసము సరిగా విడువదు. ఆకలి లేని పాము కడ బ్రతికిన ఎలుకను విడిచిన, ఆ ఎలుకయే పామును కొరికి గాయపరచును.

ఇంటివారికి ప్రమాదము

ఆరోగ్యముగా కనబడు పాము మలమునందును సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును. దానివలన జ్వరము, విరేచనములు కలుగును. ఐదేండ్లలోపు బిడ్డలకు, గర్భవతులకు, వృద్ధులకు ఇది మిక్కిలి అపాయకరము. పామును గాని, బుట్టను గాని తాకినచో సబ్బుతో చేతులు కడుగుకొనవలయును.

కోరలు తీసిన పాము నిరపాయమని నమ్మరాదు. విషగ్రంథి లోపలనే యుండును. కోరలు తిరిగి మొలచును. 2000–2019 మధ్య మన దేశమున పాముకాటువలన ఏటా సగటున 58,000 మంది మరణించిరని అంచనా. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గించుటకై 2024లో కేంద్ర ప్రభుత్వము జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రారంభించినది.

పాము కరచినచో

కరవబడినవానికి ధైర్యము చెప్పి, నడువనీయక, కాటుపడిన అవయవము కదలకుండునట్లు చూచి, వెంటనే ఆసుపత్రికి చేర్పవలయును. ఉంగరములు, కడియములు తీసివేయవలయును. గట్టిగా కట్టు కట్టుట, గాయమును కోయుట, నోటితో పీల్చుట, పసరులు పూయుట తగదు. సిరహా, గునియాల మంత్రములకై కాలము వ్యర్థము చేయరాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషమునకు ఆసుపత్రిలో నిచ్చు విషనిరోధక సూదిమందే చికిత్స. పామును పట్టుటకును, చంపుటకును పూనుకొనరాదు.

మన కర్తవ్యము

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నాగుపామును, కొండచిలువను, జెర్రిపోతును పట్టి యుంచుట నేరము. ఇంట పాము కనబడిన బిడ్డలను దూరముగా నుంచి అటవీశాఖ వారికి తెలుపుడు. పూజ చేయదలచినవారు నాగశిలకు చేయుడు. ఆ పాలను ఇంటి బిడ్డలకు త్రాగింపుడు. పంటను తిను ఎలుకలను మ్రింగి రైతునకు మేలుచేయు పామును దాని పొలమున దానిని బ్రతుకనిచ్చుటయే నిజమైన నాగపూజ.